రెండు వందల ఒకటో యూనిట్

(సంస్థ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



నిరుడు ఇదే సభలో ఒక పెద్దాయన లేచి మమ్మల్ని ఒక ప్రశ్న అడిగారు. "కరెంటు సర్కారు ఉచితంగా ఇస్తోంది. గ్యాసు అయిదు వందలకే ఇస్తోంది. ఇంకా బస్తీలో వాళ్ళ పొయ్యికీ దీపానికీ మనం డబ్బు పెట్టడం దేనికి మాస్టారూ?" ఆ రోజు మా దగ్గర సరైన జవాబు లేదు. బడిపంతుళ్ళం గనుక ఏదో ఒకటి చెప్పి కూర్చున్నాము. ఆయనకు తృప్తి కలగలేదు, మాకూ కలగలేదు. ఆ జవాబు ఈ ఏడాది మాకు ఒక ఎనిమిదో తరగతి అమ్మాయి హోంవర్కు నోటుబుక్కులో దొరికింది.

ఆ అమ్మాయి చురుకైనది. లెక్కల్లో ముందుండేది. అయితే ప్రతి నెలా అయిదారు రోజులు హోంవర్కు చేయకుండా వచ్చేది. మొదట బద్ధకమనుకున్నాము, కోప్పడ్డాము కూడా. తర్వాత నోటుబుక్కు వెనక్కి తిప్పి చూస్తే ఒక సంగతి కనబడింది. ఖాళీలన్నీ దాదాపు ఒకే తేదీల్లో ఉన్నాయి. ప్రతి నెలా అవే రోజులు. జ్వరమైతే తేదీ చూసుకుని రాదు కదా! అమ్మను తీసుకురమ్మంటే, ఆమె నాలుగిళ్ళలో పని చేస్తుంది, రాలేకపోయింది. మా విద్యా ఉపసంఘం వాళ్ళం ఇద్దరం ఒక సాయంత్రం అసర్ నమాజు తర్వాత వాళ్ళింటికి వెళ్ళాము.

రేకుల ఇల్లు. మూడు వాటాలు. ముందు వాటాలో ఇంటి యజమాని, వయసు మళ్ళిన దర్జీ. వెనక రెండు వాటాల్లో రెండు కుటుంబాలు. మూడింటికీ కలిపి ఒకే మీటరు, దర్జీ గారి గోడ మీద. మేము హోంవర్కు మాట ఎత్తగానే అమ్మాయి తల వంచుకుంది. వాళ్ళమ్మ మాత్రం చెప్పింది. "నెలాఖరు వారం రాత్రి తొమ్మిదికి చాచా ఫ్యూజు తీసేస్తారు సార్. మళ్ళీ పొద్దున పెడతారు."

మాకు కోపం వచ్చింది. ఆ కోపంతోనే ముందు వాటాకు వెళ్ళాము. ఆయన మమ్మల్ని కూర్చోబెట్టి, చాయ్ తెప్పించి, ఒక ప్లాస్టిక్ సంచిలో దాచిన కరెంటు బిల్లులన్నీ మా ముందు పరిచారు. చాలా నెలలవి సున్నా బిల్లులు. మధ్యలో ఒకే ఒక్కటి వెయ్యి దాటిన బిల్లు. "ఆ నెల మా చెల్లెలి కూతురి పెళ్ళి. ఇంటికి చుట్టాలు వచ్చారు. అంతే సార్. నా రేషన్ కార్డుకి ఇచ్చారు ఇది. రెండు వందలు దాటితే నా వల్ల కాదు" అన్నారు. ఆయన కూడా బీదవాడే. తన ఇంట్లోనూ ఆ వారం రాత్రి తొమ్మిదికి చీకటే. మా కోపం ఎవరి మీద పెట్టుకోవాలో తెలియక, ఆ చాయ్ తాగి వచ్చేశాము.

ఇక్కడ కాస్త లెక్క చెప్పాలి. విసుక్కోకండి, మాకు నల్లబల్ల అలవాటు.

తెలంగాణలో 2023 డిసెంబరు 28 నుండి 2024 జనవరి 6 వరకు ప్రజాపాలన పేరుతో దరఖాస్తులు తీసుకున్నారు. 2024 ఫిబ్రవరి 27న గృహజ్యోతి మొదలైంది, మార్చి నుండి సున్నా బిల్లులు వచ్చాయి. తెల్ల రేషన్ కార్డు ఉన్న కుటుంబం నెలకు 200 యూనిట్ల లోపు వాడితే బిల్లు లేదు. అద్దెకున్నవారికి కూడా వర్తిస్తుంది. ఇది మంచి పథకం. మా సహోద్యోగుల్లో కొందరు ఉచితం అనగానే ముఖం చిట్లిస్తారు. వాళ్ళతో మేము ఏకీభవించము. రేకుల కింద ఏప్రిల్ నెలలో ఫ్యాను లేకుండా ఒక్క మధ్యాహ్నం గడిపినవాళ్ళు ఆ మాట అనరు.

చిక్కు ఎక్కడుందంటే, 200 దాటితే దాటినంతకే బిల్లు రాదు, మొత్తానికీ వస్తుంది. అదీ చవక రేటున రాదు. మన రాష్ట్రంలో 2022 ఏప్రిల్ నుండి అమలులో ఉన్న రేట్ల ప్రకారం నెలకు 100 యూనిట్ల లోపు వాడే ఇంటికి మొదటి 50 యూనిట్లు ఒక్కొక్కటి 1 రూపాయి 95 పైసలు, తర్వాతి 50 యూనిట్లు 3 రూపాయల 10 పైసలు. 200 దాటిన ఇంటికి ఆ చవక రేట్లేవీ ఉండవు. మొదటి యూనిట్ నుండే 5 రూపాయల 10 పైసలు, 200 పైన 300 దాకా ప్రతి యూనిట్ 7 రూపాయల 70 పైసలు. ఇవి కాక స్థిర చార్జీలు వగైరా వేరే.

ఇప్పుడు ఆ ఇంటి సంగతి చూడండి. 75 వాట్ల ఫ్యాను పదమూడు గంటల పైచిలుకు తిరిగితే ఒక యూనిట్. ఒక ఫ్యాను, రెండు బల్బులు, ఒక టీవీ, ఒక పాత ఫ్రిజ్ ఉన్న వాటాకు పొదుపుగా వాడినా నెలకు 80 యూనిట్లు అవుతాయి. మూడు వాటాలకు 240. ఒకే మీటరు మీద ఆ 240 యూనిట్లకు కరెంటు చార్జీ 1,328 రూపాయలు. అదే మూడు మీటర్లుంటే ఒక్కో వాటాకు 190 రూపాయల 50 పైసలు, మూడింటికీ కలిపి 571 రూపాయల 50 పైసలు. ఇది ఏ పథకమూ లేకుండా ఉన్న ధర. మూడు మీటర్లూ మూడు రేషన్ కార్డులకు కలిపితే గృహజ్యోతి కింద మూడు వాటాలకూ సున్నా.

అదే ఇల్లు, అదే కరెంటు, అవే ఫ్యాన్లు. గోడ మీద ఒక పెట్టె ఉందా మూడు ఉన్నాయా అన్నదే తేడా.

ఈ లెక్కనే మేము తరగతిలో బోర్డు మీద వేశాము, ఆ ఇల్లు ఎవరిదో చెప్పకుండా. 200 యూనిట్లకు ఎంత? సున్నా అన్నారు పిల్లలు. మరి 201కి? అందరూ కాగితాల మీద గుణించుకుంటున్నారు. ఆ అమ్మాయి మాత్రం కాగితం ముట్టుకోకుండా చెప్పింది. "వెయ్యి ఇరవై ఏడు రూపాయల డెబ్బై పైసలు సార్." సరిగ్గా అంతే. ఆ లెక్క ఆమెకు ఎక్కాల కంటే ముందే వచ్చినట్టుంది. రెండు వందల ఒకటో యూనిట్‌కి భయపడి మూడు కుటుంబాలు నెలకు ఒక వారం చీకట్లో ఉంటున్నాయి.

నిరుడు ప్రశ్న అడిగిన పెద్దలకు మా మొదటి జవాబు ఇది. సర్కారు ఇస్తున్నది మీటరుకూ కార్డుకూ. బీదవాళ్ళు బ్రతుకుతున్నది వాటాల్లో. పట్టణంలో ఈ రెండూ ఒకటి కావు. పల్లెలో గుడిసె అయినా సరే సాధారణంగా ఎవరి ఇల్లు వారిది, ఎవరి మీటరు వారిది. బస్తీలో ఒక తలుపు వెనక నాలుగు పొయ్యిలుంటాయి.

గ్యాసు సంగతికి వస్తాము. ఇక్కడ మా తప్పు ఒకటి మీ ముందు ఒప్పుకోవాలి. కొన్నేళ్ళ క్రితం మన సంస్థ తరఫున కొన్ని ఇళ్ళకు గ్యాసు పొయ్యిలూ కనెక్షన్లూ ఇప్పించాము. ఫోటోలు తీయించుకున్నాము, ఆ ఏడాది సావనీరులో వేసుకున్నాము కూడా. ఆర్నెల్ల తర్వాత వెళ్ళి చూస్తే సగానికి పైగా ఇళ్ళలో సిలిండరు ఖాళీ. ఒక ఇంట్లో దాని మీద బియ్యం డబ్బా పెట్టుకున్నారు. పెరట్లో కట్టెల పొయ్యి మళ్ళీ వెలిగింది. ఆ ఇంటి ఖాలాను అడిగితే నవ్వి, "ఇచ్చింది మీరే, నింపేది ఎవరు బేటా?" అంది. ఆ మాట మేము మరిచిపోలేదు.

దేశం మొత్తానిదీ ఇదే కథ. 2016 మే 1న బలియాలో ఉజ్జ్వల పథకం మొదలైంది. 2019 సెప్టెంబరు నాటికి ఎనిమిది కోట్ల కనెక్షన్లు ఇచ్చారు. 2021 ఆగస్టులో రెండో విడత వచ్చింది. వలస వచ్చినవాళ్ళు చిరునామా రుజువుకు బదులు తమ సొంత ధ్రువీకరణ ఇస్తే చాలన్నారు. అది మన బస్తీలకు నిజంగా పనికొచ్చిన మార్పు. కనెక్షన్ల పని గొప్పగా జరిగింది, కాదనలేము. కాని పొయ్యి ఒకసారి కొనేది, గ్యాసు జన్మంతా కొనేది.

ధర చూడండి. హైదరాబాదులో 14.2 కిలోల సిలిండరు 2023 ఆగస్టు దాకా 1,155 రూపాయలు. తర్వాత 200 తగ్గింది, 2024 మార్చిలో మరో 100 తగ్గింది, 2025 ఏప్రిల్‌లో 50 పెరిగి 905 అయింది. ఉజ్జ్వల వారికి కేంద్రం 300 తిరిగి ఇస్తుంది. మన రాష్ట్రంలో మహాలక్ష్మి పథకం కింద అర్హులకు సిలిండరు 500కే పడేలా మిగతాది ఖాతాలో వేస్తారు. ఆంధ్రలో దీపం-2 కింద ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితం. వినడానికి అన్నీ బాగున్నాయి. కాని అక్కడైనా ఇక్కడైనా పథకం మొదలైనప్పటి పద్ధతి ఒకటే. ముందు పూర్తి ధర చేతిలో పెట్టాలి, తర్వాత డబ్బు ఖాతాలోకి వస్తుంది.

నెల జీతం వచ్చే మనకు ఇది పట్టించుకోదగ్గ విషయమే కాదు. డబ్బు ఖాతాలో పడిందో లేదో మనలో ఎంతమంది చూసుకుంటాము? 2015లో కేంద్రం అడిగితే కోటి మందికి పైగా సబ్సిడీని తమంతట తామే వదులుకున్నారు. ఈ హాలులో కూడా అటువంటివారు ఉన్నారు, అల్లాహ్ వారికి మేలు చేయుగాక. కాని రోజు కూలీ మీద బ్రతికే ఇంట్లో సిలిండరు వచ్చిన ఉదయం పూర్తి ధర ఒకేసారి చేతిలో ఉండదు. తిరిగి రావలసిన డబ్బు వచ్చేది రేపో మాపో, వండాల్సింది ఇవాళ. అందుకని ఏం చేస్తారంటే, సందు చివర కొట్లో చిన్న సిలిండరులో కిలో లెక్కన నింపించుకుంటారు. 2025 ఏప్రిల్ నాటి ఏజెన్సీ సిలిండరు ధరను 14.2తో భాగిస్తే కిలో 64 రూపాయలకు లోపే పడింది. సందు చివర కొట్లో వంద ఇచ్చినా దొరకదు. పైగా అది చట్టవిరుద్ధం, ప్రాణాపాయం. బీదవాడు ఎక్కువ ధర పెట్టి ప్రమాదం కొనుక్కుంటున్నాడు. చేతిలో మొత్తం డబ్బు ఒకేసారి లేకపోవడానికి అతను కడుతున్న జరిమానా అది.

మహాలక్ష్మిలో ఇంకొక మెలిక ఉంది. ఏడాదికి ఎన్ని సిలిండర్లకు ఈ ధర అన్నది గత మూడేళ్ళలో ఆ ఇల్లు సగటున ఎన్ని వాడిందో చూసి లెక్క కట్టారు. అధికారుల దృష్టిలో అది న్యాయమైన కొలతే కావచ్చు. కాని 1,155 రూపాయల రోజుల్లో డబ్బు లేక ఏడాదికి మూడే తీసుకున్న ఇంటికి ఇప్పుడూ మూడే. ఎనిమిది తీసుకోగలిగినవాళ్ళకు ఎనిమిది. అప్పుడు ఎవరు ఎక్కువ ఇబ్బంది పడ్డారో వారికే ఇప్పుడు తక్కువ వస్తోంది.

సర్కారు పద్ధతి మార్చలేదా అంటే మార్చగలదు, ఒకసారి మార్చింది కూడా. 2020 ఏప్రిల్‌లో, లాక్‌డౌన్ రోజుల్లో, ఉజ్జ్వల వారికి మూడు సిలిండర్లు ఉచితమన్నారు. ఆ డబ్బు ముందే ఖాతాల్లో వేశారు. అప్పు చేయకుండా సిలిండరు దించుకున్నాము అని ఇప్పటికీ చెప్పుకునే తల్లులు మా బడి గేటు దగ్గర కనబడతారు.

మరో దేశం మాట ఒకటి చెప్తాము. ఇండోనేషియా మనలాగే కోట్లాది పేదలున్న దేశం. అక్కడ జనం కిరోసిన్ మీద వండుకునేవాళ్ళు, ఆ సబ్సిడీ సర్కారుకు భారమైంది. 2007లో అందరినీ గ్యాసుకు మార్చడం మొదలుపెట్టి, ఇంటింటికీ ఒక పొయ్యి, మూడు కిలోల చిన్న ఆకుపచ్చ సిలిండరు ఉచితంగా ఇచ్చారు. కొన్నేళ్ళలోనే అయిదు కోట్లకు పైగా కుటుంబాలు మారాయి. ఎందుకంటే ఆ సిలిండరు కూలివాడి జేబుకు సరిపోయింది. వీధి చివర అంగట్లో తగ్గించిన ధరకే దొరికింది, ముందు కట్టి తర్వాత ఎదురుచూసే పని లేదు. అందులోనూ లోపం ఉంది, ధనవంతులు కూడా అదే కొనుక్కుంటున్నారు. దాన్ని అరికట్టాలని 2025 ఫిబ్రవరి 1 నుండి చిన్న అంగళ్ళలో అమ్మకం ఆపేశారు. జనం గంటల తరబడి వరుసల్లో నిలబడ్డారు. నాలుగు రోజులు తిరగకుండానే ఆ నిర్ణయం వెనక్కి తీసుకోవలసి వచ్చింది. దొంగను పట్టబోతే వరుసలో నిలబడ్డది ముసలమ్మలు. మన దగ్గరా అయిదు కిలోల సిలిండరు ఉంది. దాని సంగతి బస్తీలో చాలామందికి తెలియదు. తెలియజెప్పడం కూడా మనం చేయగల పనే.

ఇక మేము మిమ్మల్ని అడగదలచిన దానికి వస్తున్నాము.

ఈ ఏడాది కొత్త పొయ్యిలు పంచవద్దని మా మనవి. ఫోటో బాగుంటుంది, నిజమే. దాని బదులు రెండు పనులకు డబ్బు కావాలి. మొదటిది గ్యాసుకు ఖర్జె హసనా. సిలిండరు బుక్ చేసిన రోజు, తర్వాత ఖాతాలో పడబోయే మొత్తాన్ని సంస్థ ముందే ఇస్తుంది. ఖాతాలో డబ్బు పడ్డాక ఆ ఇల్లు అంతే తిరిగి ఇస్తుంది, వడ్డీ లేదు, పైసా ఎక్కువ లేదు. అదే డబ్బు మళ్ళీ మరో ఇంటికి వెళుతుంది. దానం ఒకసారి ఇస్తే అయిపోతుంది, ఇది తిరుగుతూనే ఉంటుంది. కొందరు తిరిగి ఇవ్వరు, అది మాకు తెలుసు. అయినా అడుగుతున్నాము.

రెండోది మీటర్లు. దీనిలోనే ఎక్కువ కష్టం ఉంది. 2003 నాటి విద్యుత్ చట్టం 43వ సెక్షను ప్రకారం ఇంటి యజమానే కాదు, ఆ ఇంట్లో ఉంటున్నవారు అడిగినా కనెక్షన్ ఇవ్వాలి. చట్టంలో ఉన్నది బస్తీకి రావడానికి మాత్రం చాలా కాగితాలు అడ్డం. వాటాకు వేరే ఇంటి నంబరు ఉండదు. కొన్నింటికి పట్టా ఉండదు. అన్నిటికీ మించి, కిరాయిదారు పేరు మీద మీటరు పెడితే రేపు ఇల్లు తనదంటాడేమోనని యజమానికి భయం. ఆ భయం అర్థం లేనిదని మేము అనము. అందుకే యజమాని పేరు మీదే రెండో మీటరు, మూడో మీటరు పెట్టించి, అద్దెకున్నవారి రేషన్ కార్డు దానికి కలిపించే దారి చూస్తున్నాము. డిపాజిట్టు, వైరింగు, పెట్టె కలిపితే వాటాకు కొన్ని వేలు అవుతాయి. దర్జీ చాచాకు అది లేదు, వెనక వాటా తల్లికి లేదు. వాళ్ళకు లేనిది ఆ కొన్ని వేలే. ఆపైన నెలనెలా ఇవ్వడానికి సర్కారు సిద్ధంగానే ఉంది.

రేషన్ కార్డు లేనివాళ్ళ మాట మరవలేము. ఏళ్ళ తరబడి కొత్త కార్డులు రాక, పెళ్ళై వేరుపడ్డ పిల్లలు అమ్మానాన్నల కార్డులోనే ఉండిపోయారు. 2025లో మళ్ళీ ఇవ్వడం మొదలైంది. ఈ దరఖాస్తులు నింపడానికి డబ్బు అక్కరలేదు, చదువుకున్న పిల్లల రెండు గంటల సమయం కావాలి. ఇంటర్, డిగ్రీ చదివే మీ పిల్లల్ని ఆదివారాలు మాకు అప్పగించండి.

మీటరుకు జకాత్ సొమ్ము వాడవచ్చునా అని కొందరు ముందే అడిగారు. అది మా చదువుకు మించిన విషయం, ముఫ్తీ సాబ్‌ను అడిగి ఆయన చెప్పినట్టు చేద్దాం. ప్రస్తుతం మేము అడుగుతున్నది సదఖా నుండే. అలాగే, మీలో కొందరికి బస్తీల్లో అద్దె ఇళ్ళున్నాయి. ఈ మాట చెప్పడానికి మొహమాటంగానే ఉంది, అయినా చెప్తున్నాము. మీ ఇళ్ళలో వాటాకు ఒక మీటరు ఉందో లేదో ఇంటికెళ్ళాక ఒకసారి చూడండి. అక్కడ మా చందా పుస్తకం అక్కరలేదు, మీ సంతకం చాలు.

ఆ అమ్మాయి ఇంటి దరఖాస్తు కాగితాలు మా సంచిలోనే ఉన్నాయి. దర్జీ చాచా మొదట సంతకం పెట్టనన్నారు. మూడుసార్లు వెళ్ళాము. పోయిన వారం ఆయన కళ్ళజోడు పెట్టుకుని మొత్తం చదివించుకుని విని, కొడుకుతో మాట్లాడి చెప్తానన్నారు. కొడుకు దుబాయిలో ఉన్నాడు, శుక్రవారం ఫోను చేస్తాడట. ఆదివారం మళ్ళీ రమ్మన్నారు, వెళుతున్నాము. రాదలచినవారు జుహర్ తర్వాత బడి గేటు దగ్గర కలవండి.